ఇల్లు అనే మాట: ఉత్తర కెనడా మూలవాసుల గృహవసతిపై రెండు చలనచిత్రాలు, కొన్ని రేఖాచిత్రాలు

వ్యాససంగ్రహం

ఉత్తర కెనడాలోని ఇన్యుయిట్, క్రీ సమాజాల గృహవసతి సమస్య సాధారణంగా ఇళ్ళ సంఖ్యగానో, ఖర్చు లెక్కగానో చర్చకు వస్తుంది. ఆ లెక్కకు ముందు ఒక సంభాషణ జరిగింది. జకరియాస్ కునుక్ తీసిన ‘వన్ డే ఇన్ ద లైఫ్ ఆఫ్ నోవా పియుగాటుక్’ (2019), అలానిస్ ఒబొంసావిన్ తీసిన ‘ద పీపుల్ ఆఫ్ ద కట్టావాపిస్కాక్ రివర్’ (2012) అనే రెండు చిత్రాలనూ, ఆనీ పూటూగూక్ రేఖాచిత్రాలనూ ఆధారంగా తీసుకొని, ఇల్లు ఎవరి మాటగా, ఏ షరతులతో ఉత్తరానికి చేరిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కునుక్ చిత్రంలోని దుబాసీ పాత్రపై ప్రత్యేక దృష్టి నిలుపుతుంది.

కీలకపదాలు: గృహవసతి, ఇన్యుయిట్, క్రీ, మూలవాసి చలనచిత్రం, దుబాసీ, అనువాదం, పునరావాసం.

1. ఉపోద్ఘాతం

మన ఊళ్ళలో శిశుతరగతి గోడ మీద వేలాడే ఆంగ్ల వర్ణమాల పటంలో ‘ఐ’ అక్షరం పక్కన తరచుగా ఒక బొమ్మ కనిపిస్తుంది: తెల్లని గుమ్మటం, దానికి సొరంగంలాంటి వాకిలి. కింద ‘ఇగ్లూ’ అని పేరు. తెలుగు పిల్లలు తమకు తెలియకుండానే నేర్చుకునే మొదటి ఇనుక్టిటుట్ పదం అది; చాలామందికి చివరిది కూడా. ఆ పటం నేర్పే అర్థం మాత్రం సరైనది కాదు. ఇన్యుయిట్ ప్రజల భాషలో ‘ఇగ్లు’ అంటే ఇల్లు, అంతే. మంచుతో కట్టినా, రాతితో కట్టినా, కెనడా ప్రభుత్వం ప్లైవుడ్‌తో కట్టి అద్దెకిచ్చినా అది ఇగ్లు. మంచుదిమ్మల ఇంటికి ‘ఇగ్లువియక్’ అనీ, గడ్డిమట్టి పెళ్ళలతో కట్టే ఇంటికి ‘కర్మక్’ అనీ వేరే పేర్లున్నాయి. క్యూబెక్ ఉత్తర ప్రాంతంలోనూ, గ్రీన్‌లాండ్‌లోనూ ఈ పదం ‘ఇల్లు’ అనే రూపంలో వినిపిస్తుంది. తెలుగు చెవికి ఉలికిపాటు కలిగించే సామ్యమే గాని, ఇది కాకతాళీయం. దీని మీద భాషాకుటుంబ సిద్ధాంతాలు లేవనెత్తవలసిన అవసరం లేదు.

అయితే ఆ పటంలోని పొరపాటు అమాయకమైనది కాదు. ఇగ్లు అంటే మంచుగుమ్మటమే అనుకున్నవారికి, ఇన్యుయిట్ ప్రజలకు అంతకుముందు ‘ఇల్లు’ లేదనీ, ప్రభుత్వం వచ్చి ఇల్లు ఇచ్చిందనీ అనుకోవడం సులభమవుతుంది. 20వ శతాబ్ది మధ్యభాగంలో కెనడా ఉత్తరప్రాంత పరిపాలన ఈ అభిప్రాయం మీదనే నడిచింది. దాని ఫలితాలు ఈనాటి గణాంకాలలో ఉన్నాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇన్యుయిట్ స్వస్థల ప్రాంతాలలో నివసించే ఇన్యుయిట్‌లో 52.9 శాతం మంది కిక్కిరిసిన ఇళ్ళలో ఉన్నారు; 32.7 శాతం మంది పెద్ద మరమ్మతులు అవసరమైన ఇళ్ళలో ఉన్నారు. అదే ప్రాంతంలో క్షయవ్యాధి సోకే రేటు, కెనడాలో పుట్టిన మూలవాసేతరుల రేటుకు సుమారు 300 రెట్లని ఇన్యుయిట్ సంస్థలు, ప్రభుత్వం రెండూ అంగీకరించిన లెక్క.

ఈ అంకెలను ఎవరూ కాదనరు. అంకెలు చెప్పని విషయం ఒకటుంది. తరతరాలుగా తమ ఇళ్ళు తామే కట్టుకున్న సమాజం, ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకొని ఎదురుచూసే సమాజంగా ఎలా మారింది? సామాజికశాస్త్ర నివేదికల కన్నా, నా పరిశీలనలో, ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నవి రెండు చలనచిత్రాలు. అవి తీసిన ఇద్దరూ మూలవాసి దర్శకులే. వాటిలో ఒకటి ఇల్లు రాకముందటి ఒక రోజును చూపుతుంది. రెండవది ఇల్లు కూలిపోయిన తర్వాతి శీతకాలాన్ని చూపుతుంది.

2. ‘ఇళ్ళు ఉన్న చోటు’

కునుక్ చిత్రకథను రెండు వాక్యాలలో చెప్పవచ్చు. 1961లో, బాఫిన్ దీవి ఉత్తరభాగాన కపుయివిక్ శిబిరానికి చెందిన నోవా పియుగాటుక్, తన బృందంతో కుక్కలబండ్ల మీద వేటకు బయలుదేరి, సముద్రపు మంచు మీద ఒక ప్రభుత్వాధికారిని కలుస్తాడు. మీ కుటుంబాలు శిబిరం విడిచి ఇగ్లూలిక్ స్థావరానికి రావాలి, పిల్లలు బడికి వెళ్ళాలి, మీకు ఇళ్ళు వస్తాయి అని అధికారి చెబుతాడు, నోవా రానంటాడు. మిగిలినదంతా ఆ మాటల వివరమే. చిత్రంలో అధిక భాగం మంచు మీద కూర్చొని టీ తాగుతూ, పంచదార, బిస్కట్ల మధ్య సాగే ఒకే ఒక్క సంభాషణ. ‘ఏమీ జరగని చిత్రం’ అని విసుక్కునే ప్రేక్షకులుంటారు. ఒక జనసమూహపు నివాసవ్యవస్థ మారిపోయే సందర్భంలో పైకి కనిపించేది ఇంతే: టీ, మాటలు, మళ్ళీ టీ. కునుక్ ఆ నిడివిని కుదించకపోవడం వల్లనే మనకు ఆ మాటల బరువు తెలుస్తుంది.

నోవా పియుగాటుక్ చారిత్రక వ్యక్తి. చిత్రం చివర నిజమైన నోవా కనిపించే దృశ్యాలున్నాయి. దర్శకుడు కూడా ఈ కథకు బయటివాడు కాడు. కునుక్ 1957లో కపుయివిక్‌లోనే పుట్టాడు. 1966లో బడి కోసం ఇగ్లూలిక్ చేరాడు. పిల్లలను బడికి పంపని కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే కుటుంబభృతి ఆగిపోతుందన్న హెచ్చరిక ఆ రోజుల్లో ఉత్తరమంతటా వినిపించిన మాటే. అంటే దర్శకుడు తన బాల్యాన్ని నిర్ణయించిన సంభాషణను, తాను పక్కన లేని సంభాషణను, దాదాపు 60 ఏళ్ళ తర్వాత పునర్నిర్మించాడు. అతడి నిర్మాణసంస్థ పేరు ‘ఇసుమా’. ఆ పదానికి అర్థం ‘ఆలోచన’.

అధికారి రమ్మంటున్న ఊరి పేరులోనే చిత్రానికి కీలకమైన వ్యంగ్యం ఉంది. అయితే చిత్రం దాన్ని పైకెత్తి చూపదు. ఇగ్లూలిక్ అంటే ‘ఇళ్ళు ఉన్న చోటు’. ఆ పేరు ప్రభుత్వం పెట్టింది కాదు. అక్కడ ప్రాచీన కాలం నుంచి ఉన్న మట్టి ఇళ్ళను బట్టి వచ్చిన పేరు. ఇళ్ళున్న చోటనే పేరు పెట్టుకున్న జనానికి అదే చోట ‘ఇల్లు’ ఇస్తామని చెప్పడానికి ఆ అధికారి వచ్చాడు.

అధికారి మాటల్లో ఇల్లు ఎప్పుడూ ఒంటరిగా రాదు. ఇల్లు, బడి, జీతం, డబ్బు, ఇవన్నీ ఒకే మూటగా కట్టి ఉంటాయి. నోవా ప్రతి వస్తువునూ మూటలోంచి బయటికి తీసి విడివిడిగా అడుగుతాడు: ఇది నాకెందుకు, దీనితో నేనేం చేస్తాను? ఈ ప్రశ్నలు అమాయకత్వంగా కనిపించేలా నటించే అవకాశం ఆ పాత్రలో పుష్కలంగా ఉంది. నోవాగా నటించిన అపయాటా కొటియర్క్ ఆ ఆకర్షణకు లొంగలేదు. అతడి ముఖంలో కనిపించేది బేరం తెలిసిన గృహస్థుడి నిదానం. సరుకు నాణ్యం తెలియకుండా ధర ఒప్పుకోని మనిషి నిదానం.

చరిత్ర నోవా సందేహాన్నే సమర్థించింది. 1959 తర్వాత ప్రభుత్వం పంపిన తొలితరం ఇళ్ళు ఒకే గది ఉన్న ప్లైవుడ్ కట్టడాలు; జనం వాటిని ‘అగ్గిపెట్టె ఇళ్ళు’ అన్నారు. 1965 నుంచి అద్దె పథకం మొదలైంది. కొత్త ఇళ్ళలో ఎలా నివసించాలో నేర్పే పుస్తికలను కూడా ప్రభుత్వమే ఇనుక్టిటుట్‌లో అచ్చువేసింది. నేల ఎలా తుడవాలో ప్రభుత్వం చెప్పింది. ఇల్లు ఎలా ఉండాలో మాత్రం ఇన్యుయిట్‌ను అడగలేదు. ఇల్లు సిద్ధంగా ఉందన్న మాట నమ్మి స్థావరాలకు చేరిన కుటుంబాలలో పలువురు అక్కడ ఇల్లు లేక గుడారాలలో గడిపిన సంగతి, బాఫిన్ ప్రాంతపు ఇన్యుయిట్ తామే నడిపించిన కికిక్టానీ సత్యశోధన సంఘం ముందు వచ్చిన సాక్ష్యాలలో నమోదైంది. శిబిరంలో ఇల్లుండి, ‘ఇళ్ళున్న చోటి’కి వచ్చి గుడారంలో ఉండటం: కునుక్ చిత్రం ఇక్కడిదాకా రాదు. దాని అవసరమూ లేదు.

3. దుబాసీ

చిత్రంలో అత్యంత సంక్లిష్టమైన పాత్ర అధికారి కాదు, నోవా కాదు; వారి మధ్య కూర్చున్న దుబాసీ ఎవలువార్జుక్. దుబాసీ అనగానే తెలుగు సాహిత్యచరిత్ర చదివినవారికి ఏనుగుల వీరాస్వామి గుర్తుకు రావడం సహజం. మదరాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన వీరాస్వామి హోదా, పరపతి ఉన్న మనిషి. రెండు భాషల మధ్య నిలబడటం అతడికి పైమెట్టు. ఎవలువార్జుక్ స్థితి వేరు. అధికారి అతడికి యజమాని. వింటున్నవారు అతడి మనుషులు. ఒక భాషలో ఉద్యోగం, మరొక భాషలో బంధుత్వం.

అతడు అనువాదం చేసే తీరును గమనించాలి. అధికారి పొడుగాటి వాక్యం చెబితే దుబాసీ చిన్న వాక్యం చెబుతాడు. అధికారి కంఠంలో కాఠిన్యం పెరిగితే దుబాసీ మాట మెత్తబడుతుంది. నోవా ఎత్తిపొడుపు ఆంగ్లంలోకి వచ్చేసరికి మర్యాదగల సమాధానమవుతుంది. దీన్ని ‘తప్పు అనువాదం’ అని తోసివేయడం తొందరపాటు. రెండువైపులా గొడవ రాకుండా చూడటం, మంచు మీద మళ్ళీ కలిసి ప్రయాణించవలసినవాడి బాధ్యత. కాని ఆ మెత్తదనానికి మూల్యం ఉంది. నోవా రానన్నాడన్న సంగతి దాని పూర్తి బలంతో అధికారికి చేరదు. ఇది షరతులతో కూడిన ఆజ్ఞ అన్న సంగతి దాని పూర్తి కాఠిన్యంతో నోవాకు చేరదు. అధికారి ఒక రకమైన ఇంటి గురించి మాట్లాడుతుంటాడు. నోవా మరో రకమైన ఇంటి గురించి వింటుంటాడు.

ఇక్కడ ఉపశీర్షికల పని విశేషమైనది. అధికారి ఆంగ్లమూ, దుబాసీ ఇనుక్టిటుట్‌కు ఆంగ్ల ఉపశీర్షికా రెండూ ప్రేక్షకుడికి అందుతాయి కనుక, రెండింటికీ మధ్య ఉన్న దూరం ప్రేక్షకుడికే కనిపిస్తుంది. మంచు మీద ఉన్నవారిలో ఆ దూరం పూర్తిగా తెలిసినవాడు దుబాసీ ఒక్కడే, అతడు చెప్పడు. అదే సమయంలో ఆంగ్ల ప్రేక్షకుడు నోవా మాటలన్నింటికీ ఉపశీర్షికనే నమ్ముకోవాలి. అంటే అతడు కూడా ఒక దుబాసీని నమ్మి కూర్చున్నవాడే. నోవా కూర్చున్న చోటుకు ప్రేక్షకుణ్ణి తీసుకొచ్చి కూర్చోబెట్టడం కునుక్ సాధించిన గొప్ప విజయం.

తెలుగు ప్రేక్షకుడి పరిస్థితి ఇంకొంచెం ఇబ్బందికరమైనది. మనకు నోవాతో సానుభూతి ఉంటుంది. మన చరిత్ర కూడా వలసపాలన చరిత్రే కదా అని అతడి పక్కన కూర్చోవడానికి మనం సిద్ధపడతాం. కాని ఆ మంచు మీద, ఉపశీర్షిక లేకుండా మనకు నేరుగా అర్థమయ్యే మనిషి అధికారి ఒక్కడే. మూలవాసి సాహిత్యంపై తెలుగులో సాగే విశ్వవిద్యాలయ పరిశోధనలో అధికభాగం ఈ దూరాన్ని గుర్తించకుండానే సానుభూతి దగ్గర ఆగిపోతున్నదని నా అభిప్రాయం.

చిత్రానికి ఒక పరిమితి ఉంది. మంచు మీద కూర్చున్నవారంతా మగవారు. శిబిరంలో స్త్రీలు ఉన్నారు. ఉదయం వారితోనే మొదలవుతుంది. కాని ఇల్లు మారాలా వద్దా అన్న సంభాషణలో వారి మాట లేదు. 1961 నాటి వాస్తవం అదే కావచ్చు. అధికారులు వేటగాళ్ళతోనే మాట్లాడారు. అయినా ఇల్లు నడిపే మనిషి ఆ ఇంటి గురించి ఏమనుకున్నదో ఈ చిత్రం మనకు చెప్పదు. నోవా నిరాకరణ ఎంత గంభీరమైనదైనా, అది సగం ఇంటి నిరాకరణే.

4. లెక్కల్లో ఇల్లు

కునుక్ చిత్రం జరిగిన 50 ఏళ్ళ తర్వాత, అక్కడికి చాలా దక్షిణాన, జేమ్స్ అఖాతం పడమటి తీరంలో మరొక సమాజం. ఇక్కడివారు ఇన్యుయిట్ కారు, క్రీ ప్రజలు. ఊరు అట్టావాపిస్కాట్, ఒంటారియో రాష్ట్రం. సుమారు 2 వేల మంది జనాభా. 2011 అక్టోబరులో అక్కడి ముఖ్యురాలు తెరెసా స్పెన్స్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. కుటుంబాలు గుడారాలలో, నీటివసతి లేని షెడ్లలో శీతకాలానికి ఎదురుపోతున్నాయి. నవంబరు చివర రెడ్‌క్రాస్ దిగింది. ఒబొంసావిన్ అప్పటికే అక్కడి బడి గురించి మరో చిత్రం తీస్తున్నారు. దాన్ని పక్కనపెట్టి ఈ చిత్రానికి పూనుకున్నారు. అబెనాకీ జాతికి చెందిన ఆమెకు అప్పటికి 80 ఏళ్ళు దగ్గరపడ్డాయి.

చిత్రంలో కెమెరా ఇళ్ళలోకి నడుస్తుంది. బూజు పట్టిన గోడలు, ఒకే గదిలో ముగ్గురు నలుగురు, నీళ్ళు మోసే బిందెలు, చలికి ప్లాస్టిక్ బిగించిన కిటికీలు. మురుగునీరు 2009లో ఇళ్ళలోకి ఎగదన్నినప్పుడు తాత్కాలికంగా వచ్చిన ట్రెయిలర్లలో ఇంకా కుటుంబాలున్నాయి: ఇరుకు గదుల వరుస, అందరికీ కలిపి వంటగది, స్నానాలగది. అవి వజ్రాల గని కార్మికుల బస కోసం తయారైనవి. గని సుమారు 90 కిలోమీటర్ల దూరాన డి బీర్స్ సంస్థది. తమ సంప్రదాయ భూమిలో వజ్రాలు తవ్వుతున్న సంస్థ వాడి పక్కనపెట్టిన బసలో ఆ నేల ప్రజలు కాపురముండటం. దర్శకురాలు దీన్ని వ్యాఖ్యానించరు. ఆ గదుల నడవలో కెమెరా నిలబెట్టి పిల్లలను నడవనిస్తారు. ఆ నిగ్రహం ఆమె ఇతర చిత్రాలలోనూ కనిపించేదే.

కథ అక్కడినుంచి ఆటవాకు మారుతుంది. 2006 నుంచి ఆ సమాజానికి 9 కోట్ల డాలర్లు ఇచ్చామని ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో చెప్పారు. ఆ డబ్బు ఏమైందన్న ప్రశ్న పత్రికలనూ జనాన్నీ ఆక్రమించింది. ప్రభుత్వం సమాజపు పద్దులను బయటి అధికారి చేతికి అప్పగించింది. అతడి జీతభత్యాలు కూడా సమాజపు నిధులనుంచే. 2012 ఆగస్టు 1న ఫెడరల్ కోర్టు ఆ నియామకం అసమంజసమని తీర్పిచ్చింది. 9 కోట్లు అన్నది ఇళ్ళకిచ్చిన మొత్తం కాదనీ, బడి, ఆరోగ్యం, నీరు, పరిపాలన అన్నింటికీ కలిపి కొన్నేళ్ళ మొత్తమనీ ఒబొంసావిన్ ఓపికగా వివరిస్తారు.

ఈ వివరణ అవసరమే. అయితే విమర్శకుడికి ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. లెక్కకు లెక్కతో బదులిచ్చినప్పుడు చిత్రం ఆటవా పరిభాషలోకి జారుతుంది. చివరకు ప్రభుత్వం 22 ఇళ్ళు పంపడానికి ఒప్పుకుంది. శీతకాలంలో కొన్ని వారాలే ఉండే మంచుబాట మీద సిద్ధంగా తయారైన ఇళ్ళు లారీల మీద ఉత్తరానికి చేరాయి. ప్రేక్షకుడికి ఊరట కలుగుతుంది. ఆ ఊరటను నేను శంకిస్తాను. ఆ ఇళ్ళు ఎక్కడో దక్షిణాన ఎవరో గీసినవి. కట్టే పనిలో ఊరివారి చేయి లేదు. మరమ్మతు నైపుణ్యం ఊళ్ళో మిగలదు. 1961లో మాటగా వచ్చిన ఇల్లు 2012లో లారీ మీద వచ్చింది. రెండు సందర్భాలలోనూ అది దారిన వచ్చిన వస్తువే.

చిత్రం ఇంకొంచెం నిలిచి చూపదగిన విషయం చట్టం. 1876 నాటి ఇండియన్ యాక్ట్ కింద రిజర్వు భూమిని బయటివారికి తాకట్టు పెట్టడం వీలుకాదు. ఆ నిబంధన భూమి పరుల పాలు కాకుండా కాపాడింది. అదే నిబంధన వల్ల సొంత ఇంటికి బ్యాంకు రుణం దొరకడం దుర్లభమైంది. అందువల్ల ఇల్లంటే ప్రభుత్వ నిధి, ప్రభుత్వ నిధి అంటే ఎదురుచూపు. ఈ ముడి తెలియకపోతే ‘వాళ్ళు ఇల్లెందుకు కట్టుకోరు?’ అనే ప్రశ్న ప్రేక్షకుడి మనసులో మిగిలిపోతుంది. ఆ ప్రశ్న అడిగేవారు కెనడాలో తక్కువేమీ కాదు.

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టం చేయాలి. ఇళ్ళ లెక్క అనవసరమని నా వాదన కాదు. బూజు గోడల మధ్య దగ్గుతున్న బిడ్డ తల్లికి 22లో ఒక ఇల్లు దొరకడం ఏ చలనచిత్ర విమర్శ కన్నా ముఖ్యం. ఒబొంసావిన్ ఆ తల్లి పక్షాన నిలబడ్డారు కనుకనే లెక్కల పరిభాషలోకి దిగారు. ఆ ఎంపిక ధర తెలిసి చేసినది.

5. ఇంటి లోపల

కునుక్ చిత్రంలో లేని స్త్రీ మాట వేరే మాధ్యమంలో దొరుకుతుంది. కిన్‌గాయిట్ (పాత పేరు కేప్ డోర్సెట్) చిత్రకారిణి ఆనీ పూటూగూక్ (1969–2016) రంగు పెన్సిళ్ళతో గీసినవి అధికంగా ఇళ్ళ లోపలి దృశ్యాలు. 2006లో ఆమెకు సోబీ కళాపురస్కారం వచ్చింది. దక్షిణాది కొనుగోలుదారులకు అలవాటైన ధ్రువపు ఎలుగుబంట్లు, షామన్లు ఆమె చిత్రాలలో అరుదు. గోడగడియారం, టీవీ, స్విచ్చిబోర్డు, పొయ్యి, తలుపు పక్కన వేలాడే కోట్లు ఉంటాయి. నేల మీద అట్ట పరిచి, దాని చుట్టూ కూర్చొని పచ్చి సీల్ మాంసం తింటున్న కుటుంబం ఉంటుంది. కొన్ని చిత్రాలలో తాగుడు, కొట్లాట, దెబ్బలు తిన్న స్త్రీ కూడా ఉంటాయి.

అట్ట పరచడంలోనే ఒక గృహనిర్మాణ విమర్శ ఉంది. దక్షిణాది నమూనాలో కట్టిన ఇంటికి వంటగది ఉంది, బల్ల ఉంది. వేటాడి తెచ్చిన జంతువును కోసి పంచడానికి తగిన చోటు లేదు. కనుక నేల మీద అట్ట వస్తుంది. నివాసితులు ఇంటిని తమ అలవాటుకు వంచుకున్న ఆనవాలు అది. వాస్తుశిల్పులు ఈ సంగతి గ్రహించడానికి దశాబ్దాలు పట్టింది. 2015లో క్యూబెక్ ఉత్తరాన క్వాక్‌టాక్‌లో స్థానికులతో చర్చించాక కట్టిన నమూనా ఇంటిలో, వేట సామగ్రికీ మాంసానికీ పనికివచ్చే వసారాకు ప్రాధాన్యమిచ్చారు. పూటూగూక్ చిత్రాలను ఎవరైనా ఇంజినీరు శ్రద్ధగా చూసి ఉంటే ఆ చర్చ మరికొంత ముందే జరిగేదేమో.

కిక్కిరిసిన ఇంటిని ‘ఉమ్మడి జీవనం’ అని పొగడటం విమర్శకులకు ఒక ప్రలోభం. ఇంట్లో ఎందరుంటే ఇరుకో నిర్ణయించే కెనడా జాతీయ ప్రమాణం పడకగదులను బట్టి, ఏ వయసు పిల్లలు ఎవరితో గది పంచుకోవచ్చన్న లెక్కను బట్టి నడుస్తుంది. అది చిన్న కుటుంబపు ఊహ అన్న ఆక్షేపణలో నిజముంది. ఒకే కర్మక్‌లో కుటుంబమంతా పడుకున్న సంప్రదాయం ఉంది. కాని కర్మక్‌లో కుటుంబానికి ఇరుకు తోస్తే మరో కర్మక్ కట్టుకునే స్వేచ్ఛ ఉండేది. అద్దె ఇంటిలో ఆ స్వేచ్ఛ లేదు. కొట్టే మనిషి నుంచి వేరే ఇంటికి వెళ్ళిపోవాలనుకున్న స్త్రీకి వేరే ఇల్లు లేదు. పూటూగూక్ హింసాచిత్రాలు ఈ వాస్తవం మీద నిలబడి ఉన్నాయి. ఉమ్మడి అన్న మాట వాటి ముందు నోరు మెదపలేదు.

6. కట్టిస్తాం, కట్టుకుందాం

ఈ చిత్రాలను చూసిన తెలుగు పరిశోధకులకు పోలవరం నిర్వాసిత గ్రామాలతో పోలిక చేయాలన్న ఉత్సాహం కలుగుతుంది. నాకూ కలిగింది. తొందరపడకూడదని ఇప్పుడు అనుకుంటున్నాను. అక్కడ కొండరెడ్లు, కోయలు ఊరు విడవడానికి కారణం మునక; నేల నీటి కిందికి వెళ్తుంది. కపుయివిక్ మునగలేదు. అక్కడ ఆనకట్ట లేదు. శిబిరం, వేటభూమి, సముద్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మనుషులు మాత్రం పరిపాలనకు అందుబాటులోకి రావాలి. అభివృద్ధి పేరిట జరిగే నిర్వాసిత్వానికి మనం అలవాటుగా వాడే ‘ముంపు’ పరిభాషను ఇక్కడికి తేవడం వల్ల ఈ విలక్షణత చెరిగిపోతుంది.

పోలిక నిజంగా ఫలించేది క్రియాపదాల దగ్గర. నునావుట్ గృహవసతి సంస్థ గృహవసతిపై ప్రచురించిన వ్యూహపత్రం పేరు ‘ఇగ్లులియుకటిగీలౌక్తా’. విడదీస్తే: ‘ఇగ్లు’ (ఇల్లు), ‘లియుక్’ (తయారుచేయు), ‘కటిగీ’ (ఒకరికొకరు తోడుగా), చివరి భాగం రమ్మని, చేద్దామని పిలిచే ప్రత్యయం. 2022లో నునావుట్ ప్రభుత్వం ప్రకటించిన గృహనిర్మాణ ప్రణాళిక పేరులో కూడా ఇదే ధాతువు ఉంది: ‘ఇగ్లులియుకటిగీంగ్నిక్’. పక్కనే దాని ఆంగ్ల భాగం ‘నునావుట్ 3000’. 2030 నాటికి 3 వేల ఇళ్ళన్నది లక్ష్యం. ఒకే పేరులో రెండు భాషలు రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. ఒకదానిలో తోడు ఉంది, రెండవదానిలో అంకె ఉంది. మంచు మీద ఎవలువార్జుక్ ఇద్దరి మధ్య కూర్చొని చేసిన పని ఇప్పుడు ప్రభుత్వ పత్రం ముఖచిత్రం మీద జరుగుతోంది.

ఆ పదాన్ని తెలుగులోకి తేవడానికి ప్రయత్నించినప్పుడు మన భాష ఒక సాయం చేసింది. ప్రభుత్వ ప్రకటనల తెలుగులో ఇల్లు ఎప్పుడూ ‘కట్టిస్తారు’, ప్రేరణార్థకం. జనం తెలుగులో ఇల్లు ‘కట్టుకుంటారు’, ఆత్మార్థకం. ‘కొను’ అనుప్రయోగం ఉంటే ఆ పని ఫలం కర్తకే చెందుతుంది. 1961లో అధికారి మాటకూ, 2012లో మంచుబాట మీద వచ్చిన 22 ఇళ్ళకూ ‘కట్టిస్తాం’ చక్కగా సరిపోతుంది. ఆ వ్యూహపత్రం పేరుకు ‘కలిసి ఇల్లు కట్టుకుందాం’ అన్నాను. ‘కట్టుకుందాం’లో ఉన్నది మన ఇల్లు మనం, ‘కటిగీ’లో ఉన్నది ఒకరి ఇంటికి మరొకరి చేయి. ఆ రెండవ అర్థానికి ‘కలిసి’ అన్న మాట చాలదని తెలిసే అలాగే ఉంచాను.